ఆమా ఇంటి పండుగ భోజనానికి వెళ్ళొచ్చా?

ప్రశ్న:

వందనాలు అక్కా. మాది గుంటూరు జిల్లా. మా ఆయన, నేను, మా ఏడేళ్ల పాప మూడేళ్లుగా తైవాన్‌లోని తైనాన్‌లో ఉంటున్నాం. ఆయన ఇక్కడి సంఘంతో కలిసి కాలేజీ విద్యార్థుల మధ్య పరిచర్య చేస్తున్నారు. మా కింది ఫ్లోర్‌లో ఒక పెద్దావిడ ఉంటారు. అందరిలాగే మేమూ ఆవిడని ఆమా అని పిలుస్తాం, అంటే నానమ్మ అన్నట్టు. మా పాపంటే ఆవిడకి ప్రాణం. పడవల పండుగకి నన్ను పక్కన కూర్చోబెట్టుకుని జోంగ్‌జ, అంటే ఆకులో కట్టి వండే జిగురు బియ్యం పొట్లం, చుట్టడం నేర్పించారు. లాంతర్ల పండుగకి పాపకి కాగితం కుందేలు లాంతరు కొనిచ్చారు. ఆ లాంతరుతో పాప ఫొటో వాట్సాప్‌లో పెడితే మా సొంతూరి సంఘ పెద్ద ఒకాయన ఫోన్ చేసి, "విగ్రహాల పండుగల్లో తిరగడానికా మేం కానుకలు పంపేది?" అన్నారు. అప్పటి నుంచి మావారికి టెన్షన్. ఇక ఏ పండుగకీ వెళ్ళొద్దంటున్నారు. ఇప్పుడు ఇక్కడి చాంద్రమాన కొత్త సంవత్సరం ముందు రోజు రాత్రి భోజనానికి ఆమా మమ్మల్ని పిలిచారు. వాళ్ళ హాల్లో పూర్వీకుల పీఠం ఉంది. అక్కడ పెట్టిన వంటలే తర్వాత బల్ల మీదకి వస్తాయి. వెళ్ళొచ్చా అక్కా? చాంద్రమానం ఏడో నెలలో ఆవిడ పాపకి పూజలో పెట్టిన పండ్లు ఇస్తే ఏం చెయ్యాలి? ఇంకో మాట, ఎవరికీ చెప్పలేదు. ఈ పండుగలంటే నాకు నిజంగా ఇష్టం. వచ్చిన పని మర్చిపోయి సరదా పడుతున్నానేమో అని రాత్రిళ్ళు బాధగా ఉంటుంది. వెళ్తే ఆవిడకి ఏం తీసుకెళ్ళాలో కూడా చెప్పండి.
పేరు రాయవద్దు, తైనాన్

సమాధానం:

వందనాలు చెల్లెమ్మా. ముందు మీరు ఎవరికీ చెప్పలేదన్న ఆ చివరి మాటకే జవాబు చెబుతాను. అది తేలితే మిగతావి తేలికవుతాయి.

మీరు తప్పేమీ చేయడం లేదు. ఒక ఊళ్ళో బతుకుతూ, ఆ ఊరి పండుగ వస్తే మనసు ఉప్పొంగడం పాపం కాదు. మన ప్రభువు కానా ఊరి పెళ్ళికి వెళ్ళాడు, పర్ణశాలల పండుగకి యెరూషలేముకి వెళ్ళాడు, పిలిచిన ఇంటికల్లా భోజనానికి వెళ్ళాడు. "తిండిపోతు" అని ఆయన్ని నిందించినవాళ్ళు కూడా ఉన్నారు. ఆమా పక్కన కూర్చుని వెదురాకులో జిగురు బియ్యం, పుట్టగొడుగులు, ఉప్పులో ఊరిన గుడ్డు సొన పెట్టి దారంతో బిగించి కట్టడం నేర్చుకున్న పూట వృథాగా పోలేదు. దాన్ని "సంబంధాలు పెంచుకునే పరిచర్య" అని రిపోర్టులో రాసుకుంటేనే ఆ పూటకి విలువ వస్తుందని అనుకోకండి. పక్కింటి పెద్దావిడతో గడిపిన సాయంత్రానికి వేరే సమర్థన అక్కర్లేదు. ఆవిడ మీకు పొరుగు మనిషి. పొరుగువాళ్ళని ప్రేమించమన్న ఆజ్ఞ మీరు బైబిలు కాలేజీలో చేరకముందు నుంచీ మీకు వర్తిస్తోంది.

నేను దీని గురించి ఇంత గట్టిగా మాట్లాడటానికి కారణం ఉంది. మేం తైవాన్‌లోనే కావ్‌షుంగ్‌లో ఉన్న రోజుల్లో పరాయి దేశాల నుంచి సేవకి వచ్చిన కుటుంబాలు కొన్నింటిని దగ్గర నుంచి చూశాను. పండుగ రోజు కర్టెన్లు వేసుకుని ఇంట్లో కూర్చునేవాళ్ళు. మర్నాడు కరపత్రాలతో బయటికి వచ్చేవాళ్ళు. తన ఇంటికి ఒక్కసారి కూడా భోజనానికి రాని మనిషి తలుపు కొట్టి నీ ఆత్మ గురించి మాట్లాడాలి అంటే, ఆ ఇంటివాళ్ళు ఎందుకు వింటారు?

ఇక అసలు ప్రశ్న. పండుగ అంటే అక్కడ ఒక్కటే విషయం ఉండదు. వంట ఉంటుంది, బంధువుల రాకపోకలు ఉంటాయి, కథలు, ఆటలు, పూజ అన్నీ ఒకే రోజులో ఉంటాయి. ఊళ్ళో మన ఇళ్ళల్లో సంక్రాంతి ఎలా ఉంటుందో మీకు తెలుసు. ముగ్గులు వేసే క్రైస్తవులున్నారు, వేయనివాళ్ళున్నారు. అరిసెలు మాత్రం అందరూ తింటారు. తైనాన్ పండుగల్ని కూడా ఒక్కొక్కదాన్ని విడిగా చూడాలి. "చైనీయుల పండుగలన్నీ విగ్రహారాధనే" అని ఒక్క మాటలో తేల్చడం ఎంత తప్పో, "అంతా సంస్కృతే, ఏం ఫరవాలేదు" అని తేల్చడం కూడా అంతే తప్పు.

చాంద్రమానం ఎనిమిదో నెల పదిహేనున వచ్చే శరత్ పున్నమిని తీసుకోండి. తైవాన్‌లో ఆ రాత్రి జనం ఇళ్ళ ముందే బొగ్గుల పొయ్యి పెట్టుకుని మాంసం, చేపలు, మొక్కజొన్న కాల్చుకుని తింటారు. మూన్‌కేకులు పంచుకుంటారు. పంపరపనస తొక్కని టోపీలా పిల్లల నెత్తిన పెడతారు. పొద్దున్నే భూదేవుడి గుడికి వెళ్ళే ఇళ్ళు ఉన్నాయి, కానీ రాత్రి సందడిలో మీకు ఇబ్బంది కలిగించేది దాదాపు ఏమీ ఉండదు. పాపకి పంపరపనస టోపీ పెట్టించి మీరూ పొయ్యి దగ్గర కూర్చోండి.

ఐదో నెల ఐదున వచ్చే పడవల పండుగ ఛూ యువాన్ అనే కవి పేరు మీద జరుగుతుంది. రెండు వేల మూడు వందల ఏళ్ల కిందట చైనాలోని చూ రాజ్యంలో మంత్రిగా ఉండి, నిజం చెప్పినందుకు రాజు వెళ్ళగొడితే, చివరికి దేశం శత్రువుల పాలైందన్న దుఃఖంతో మీలువో నదిలో దూకి చనిపోయాడని చెబుతారు. ఊరివాళ్ళు పడవలేసుకుని వెతికారనీ, చేపలు ఆయన దేహాన్ని ముట్టకుండా నీళ్ళలో అన్నం వేశారనీ కథ. ఆ కథ పాపకి చెప్పండి. తైనాన్‌లో వేరుశనగ గింజలతో చేసిన జోంగ్‌జని పొద్దున్నే టిఫిన్‌లా తింటారు కదా, అది ఎక్కడి నుంచి వచ్చిందో దానికి తెలియాలి. శీతాకాలంలో అయనాంతం రోజు గిన్నెలో వేడివేడిగా పోసిచ్చే తాంగ్‌యువాన్ ఉండలూ అంతే, కళ్ళకద్దుకుని తినండి.

ఛింగ్‌మింగ్ కొంచెం వేరు. ఏప్రిల్ 4 లేదా 5న కుటుంబాలన్నీ సమాధుల దగ్గరికి వెళ్ళి గడ్డి పీకి, రాళ్ళు తుడిచి, ధూపం వెలిగించి, కాగితపు డబ్బు కాలుస్తారు. అక్కడి క్రైస్తవులు కూడా ఆ రోజుల్లో సమాధులకి వెళ్తారు. ధూపం ఉండదు. పూలు పెడతారు, కీర్తన పాడతారు, ప్రార్థిస్తారు. సంఘాల్లో చనిపోయినవాళ్ళ జ్ఞాపకార్థ ఆరాధనలు కూడా పెడతారు. మీ సంఘంలో అది ఎలా జరుగుతుందో అడిగి ఈసారి వెంట వెళ్ళి చూడండి. మన ఊళ్ళో సమాధుల పండుగకి తోటలో సున్నం వేసి, కొవ్వొత్తులు వెలిగించి, పూలు పెట్టడం చూసిన మీకు అది పరాయిగా అనిపించదు.

యెన్‌షుయ్ ఊరి బాణాసంచా, మాజు అమ్మవారి ఊరేగింపు లాంటివి మాత్రం అసలు దేవతల ఊరేగింపులే. పల్లకీలో దేవుణ్ణి మోస్తారు, జనం దాని కింది నుంచి వెళ్ళడానికి రోడ్డు మీద వరసగా పడుకుంటారు. అందులో మీరు కలవనక్కర్లేదు. దారి పక్కన నిలబడి చూస్తే తప్పు లేదు, చూడకపోయినా నష్టం లేదు. యెన్‌షుయ్‌కి మాత్రం పాపని అస్సలు తీసుకెళ్ళకండి. రాకెట్లు జనం మీదకే దూసుకొస్తాయి. పెద్దవాళ్ళే హెల్మెట్లు, మందపాటి కోట్లు వేసుకుని, మెడకి తువ్వాళ్ళు చుట్టుకుని నిలబడతారు.

ఇప్పుడు కొత్త సంవత్సరం ముందు రాత్రి. నా జవాబు: వెళ్ళండి. ముగ్గురూ వెళ్ళండి.

ఆ భోజనానికి పిలవడం ఎంత పెద్ద మాటో మీవారికి పూర్తిగా తెలిసి ఉండకపోవచ్చు. ఏడాదంతా తైపేలోనో షాంఘైలోనో ఉద్యోగాలు చేసుకునే పిల్లలు ఆ ఒక్క రాత్రికి ఇల్లు చేరుకుంటారు. ఆ రోజు కోసం రైలు టికెట్లు నెల ముందే అయిపోతాయి. పెళ్ళైన కూతురు కూడా ఆ రాత్రి అత్తవారింట్లోనే ఉండి, రెండో రోజుకి గానీ పుట్టింటికి రాదు. అంత సొంతవాళ్ళు కూర్చునే బల్ల దగ్గర మిమ్మల్ని కూర్చోమంటున్నారు ఆమా. వద్దంటే ఆవిడ మనసు కష్టపడుతుంది. కారణం కూడా అర్థం కాదు.

పీఠం సంగతికి వద్దాం. ఆ మధ్యాహ్నం వాళ్ళు పూర్వీకుల ముందు కోడి, చేప, పండ్లు, అన్నం పెడతారు. ధూపం పట్టుకుని నమస్కరిస్తారు. ఆ తర్వాత ఆ వంటలే వేడిచేసి బల్ల మీదకి తెస్తారు. మీరు ఒక పని చేయండి. పండుగకి నాలుగైదు రోజుల ముందు, పూజ హడావుడి ఏమీ లేనప్పుడు, పండ్లు పట్టుకుని ఆమా దగ్గరికి వెళ్ళి మామూలుగా చెప్పండి: "ఆమా, మీరు పిలిచినందుకు మాకు చాలా సంతోషంగా ఉంది. మేం తప్పకుండా వస్తాం. మేం క్రైస్తవులం కాబట్టి ధూపం పట్టుకోం, పీఠం ముందు పెట్టినవి తినం. మీ పెద్దవాళ్ళంటే మాకు గౌరవమే." అంతే. వివరణలు, వాక్యాలు, వాదనలు అక్కర్లేదు.

ఇది మీరనుకున్నంత కష్టమైన మాట కాదు. తైవాన్‌లో "ధూపం పట్టుకుంటావా?" అనేది రోజూ వినిపించే ప్రశ్నే. పెళ్ళి సంబంధం మాట్లాడుకునేటప్పుడు కూడా అడుగుతారు. క్రైస్తవులంటే ధూపం పట్టనివాళ్ళు అని ఆమాకి ఎప్పటినుంచో తెలుసు. ముందే చెబితే ఆవిడే ఒక చేప, రెండు కూరలు వేరుగా వండి పెట్టే అవకాశం ఎక్కువ. చెప్పకుండా వెళ్ళి, బల్ల దగ్గర ముక్క పట్టుకుని దిక్కులు చూస్తే ఇంటిల్లిపాదికీ ఇబ్బంది.

పౌలు కొరింథు సంఘానికి రాసిన మొదటి పత్రిక 8, 10 అధ్యాయాలు మీ ఆయనతో కలిసి మళ్ళీ చదవండి. విగ్రహం ఒట్టిదేనని ఆయనకి తెలుసు. అంగడిలో అమ్మేది అడగకుండా తినమంటాడు. అవిశ్వాసి భోజనానికి పిలిస్తే, వెళ్ళాలనిపిస్తే వెళ్ళమంటాడు, వడ్డించింది తినమంటాడు. ఎవరైనా "ఇది బలి అర్పించింది" అని చెబితే మాత్రం, చెప్పినవాడి మనస్సాక్షి కోసం తినవద్దంటాడు. దయ్యాల బల్ల దగ్గరా ప్రభువు బల్ల దగ్గరా రెండు చోట్లా పాలు పొందలేరని కూడా అదే 10వ అధ్యాయంలో గట్టిగా చెబుతాడు. అందుకే పూజ జరిగే వేళ ఒకటి, భోజనం వేళ ఒకటి అని వేరుగా చూడమంటున్నాను. మధ్యాహ్నం పీఠం దగ్గరికి వెళ్ళకండి, సాయంత్రం భోజనానికి వెళ్ళండి. మీరు గదిలో ఉండగానే ఎవరైనా ధూపం వెలిగిస్తే చేతులు కట్టుకుని, తల కొంచెం వంచి మౌనంగా నిలబడండి. పెద్దల ఎదుట మర్యాదగా నిలబడటం ఆరాధన కాదు. తైవాన్ క్రైస్తవులు చాలామంది బంధువుల అంత్యక్రియల్లో చేసేది ఇదే.

ఏడో నెల పండ్ల గురించి అడిగారు. ఆ నెలంతా దిక్కులేని ఆత్మలు తిరుగుతాయని నమ్మి షాపుల ముందు, అపార్ట్‌మెంట్ల ముందు బల్లలు వేసి బిస్కెట్లు, కూల్‌డ్రింకులు, పండ్లు పెడతారు. ఆ ఆత్మల్ని దెయ్యాలు అనరు, "మంచి అన్నదమ్ములు" అంటారు. పిల్లలకి ఈ మర్యాద చెప్పి ఉంచండి, గట్టిగా "దెయ్యాలు, దెయ్యాలు" అని అరిస్తే పెద్దవాళ్ళు నొచ్చుకుంటారు. పూజయ్యాక ఆ సరుకులన్నీ అందరికీ పంచుతారు. ఆమా ఆ సంచిలోంచి ఒక ఆపిల్ తీసి పాపకిస్తే ఏం చేయాలి? ఆవిడ ఏమీ చెప్పకుండా ఇస్తే థాంక్స్ చెప్పి తీసుకోమనండి, తినమనండి. ఆపిల్ దేవుడు చేసిందే. "ఇది బల్ల మీద పెట్టింది, తింటే శాంతి" అని చెప్పి ఇస్తే, "ఆమా, మేం ఇది తినం" అని నవ్వుతూ చెప్పి, వెంటనే ఇంకేదైనా అడగమనండి. "మొన్న ఇచ్చిన వేరుశనగ క్యాండీ ఉందా?" అని అడిగితే చాలు. పిల్ల ఆవిడ ప్రేమని కాదనడం లేదని ఆమాకి తెలుస్తుంది. పాపకి కూడా ఈ రెండింటికీ తేడా వివరించండి. ఏడేళ్ల పిల్లలకి ఇది అర్థమవుతుంది. భయపెట్టి చెబితే మాత్రం పక్కింటివాళ్ళంటేనే భయపడుతుంది.

మీ సంఘ పెద్దకి, నిజానికి మనందరికీ, ఒక పాత కథ గుర్తు చేయాలని ఉంది. మత్తెయో రిచ్చీ అనే ఇటలీ యేసుసభ గురువు 1583లో చైనా చేరాడు. అక్కడి పండితుల దుస్తులు వేసుకున్నాడు, వాళ్ళ పుస్తకాలు చదివాడు, 1610లో బీజింగ్‌లో చనిపోయేదాకా అక్కడే ఉన్నాడు. పూర్వీకులకి నమస్కరించడం కుటుంబ మర్యాద అని, దాన్ని పూజగా చూడనక్కర్లేదని ఆయన, ఆయన వెనక వచ్చినవాళ్ళు అన్నారు. మిగతా గురువులు కొందరు కాదు, విగ్రహారాధనే అన్నారు. వంద ఏళ్ళకి పైగా గొడవ నడిచింది. చైనాలో క్రైస్తవారాధనకి 1692లో అనుమతిచ్చిన కాంగ్‌షీ చక్రవర్తే, అది మర్యాదేనని స్వయంగా చెప్పాడు. అయినా రోము ఒప్పుకోలేదు. 1704లో ఒకసారి, 1715లో ఇంకోసారి ఆ ఆచారాలు కూడదని పోపు తీర్పిచ్చాడు. 1724లో కాంగ్‌షీ కొడుకు యోంగ్‌జెంగ్ క్రైస్తవ మతాన్నే నిషేధించాడు. 1742లో ఇక ఆ సంగతి చర్చించడానికే వీల్లేదని రోము ఆజ్ఞ వచ్చింది. ఆ తర్వాత దాదాపు రెండు వందల ఏళ్ళకి, 1939లో, పోపు 12వ పయస్ ఆ ఆచారాల్లో చాలావాటిని సామాజిక మర్యాదలుగా ఒప్పుకున్నాడు. ప్రొటెస్టెంట్లు కూడా 1890లో షాంఘై సమావేశంలో ఇదే విషయం మీద వాదించుకున్నారు. కొంచెం ఓపిక పట్టండి అన్న ఒక మిషనరీ మాటని అక్కడున్నవాళ్ళలో అత్యధికులు తోసిపుచ్చారు.

ఎవరు ఒప్పో ఎవరు తప్పో ఇక్కడ తీర్పు చెప్పడం నా ఉద్దేశం కాదు. పీఠం ముందు ధూపం పట్టుకోవడం నా మనస్సాక్షి ఒప్పుకోదు, మీ మనస్సాక్షి కూడా ఒప్పుకోదని మీ ఉత్తరం చూస్తే తెలుస్తోంది. నేను చెప్పాలనుకున్నది ఇది: వేల మైళ్ల దూరంలో కూర్చున్నవాళ్ళు ఆ ఇళ్ళల్లో ఒక్క పూట భోజనం చేయకుండానే ఆ ఇళ్ళ గురించి తీర్పులు చెప్పారు. దానికి మూల్యం చెల్లించింది మాత్రం చైనా క్రైస్తవులు. కాబట్టి గుంటూరు సంఘ పెద్దని అడిగే ముందు, నన్ను అడిగే ముందు కూడా, మీ తైనాన్ సంఘంలోని పెద్దమ్మల్ని అడగండి. ఆ ఊళ్ళో మిషనరీ డాక్టర్ మాక్స్‌వెల్ సువార్త మొదలుపెట్టింది 1865లో. అప్పటినుంచి ఐదారు తరాల క్రైస్తవులు అదే వీధుల్లో, అవే పీఠాల పక్కన బతికారు. అత్తగారు బౌద్ధురాలై కోడలు క్రైస్తవురాలైన ఇళ్ళు మీ సంఘంలోనే ఉంటాయి. కొత్త సంవత్సరం రాత్రి వాళ్ళేం చేస్తారు, ఏ ముక్క తింటారు, ఏది వదిలేస్తారు, అత్తగారితో ఏ మాట అంటారు, అన్నీ వాళ్ళకి తెలుసు. వాళ్ళు చెప్పిందీ నేను చెప్పిందీ వేరైతే వాళ్ళ మాటే వినండి.

తైవాన్‌లో సేవ చేసిన పాతతరం మనుషుల జీవితాలు కూడా మీవారికి చెప్పండి. కెనడా నుంచి వచ్చిన జార్జ్ లెస్లీ మెకే 1872లో తామ్‌సుయ్‌లో దిగాడు. విగ్రహాల విషయంలో ఆయన చాలా కఠినుడు. కానీ గేదెలు కాసే పిల్లల దగ్గర కూర్చుని భాష నేర్చుకున్నాడు, అక్కడి అమ్మాయినే పెళ్ళి చేసుకున్నాడు, వేల మందికి పిప్పి పళ్ళు పీకాడు, ఆ మట్టిలోనే సమాధి అయ్యాడు. మీ తైనాన్‌లోనే థామస్ బార్క్లే దాదాపు అరవై ఏళ్ళు పనిచేశాడు. 1895లో జపాన్ సైన్యం ఊరి మీదకి వచ్చినప్పుడు, నెత్తురు పారకుండా ఊరు అప్పగించే మాట చేరవేయమని నగర పెద్దలు వెళ్ళి బతిమాలింది ఆయన్నీ, ఆయన తోటి ఫెర్గూసన్‌నీ. ఆ రాత్రి వాళ్ళిద్దరూ నడుచుకుంటూ జపాన్ శిబిరానికి వెళ్ళారు. ఆ పెద్దల్లో క్రైస్తవులు కానివాళ్ళే ఎక్కువ. ప్రాణాల మీదకొచ్చిన రాత్రి ఒక విదేశీయుణ్ణి నమ్మారంటే, అంతకు ముందు ఇరవై ఏళ్ళుగా ఆ వీధుల్లో ఆయన ఎలా మసలుకున్నాడో ఆలోచించండి.

సంఘ పెద్దాయన మీద కోపం పెట్టుకోకండి. ఆయన దగ్గర డబ్బు ఎక్కువై పంపడం లేదు. ఆదివారం కూలి డబ్బుల్లోంచి, పిడికెడు బియ్యంలోంచి వచ్చిన కానుకలు అవి. లెక్క అడిగే హక్కు ఆయనకుంది. వాట్సాప్‌లో ఒక్క ఫొటో చూసి అనుమానపడ్డాడు, అంతే. మీవారే స్వయంగా ఒక ఉత్తరం రాయాలి, లేదా ఫోన్ చేసి నెమ్మదిగా మాట్లాడాలి. లాంతర్ల పండుగ అంటే ఏమిటి, పాప చేతిలో ఉన్నది ఏమిటి, మీరు ఎక్కడిదాకా వెళ్తారు, ఎక్కడ ఆగుతారు, ఇవన్నీ దాపరికం లేకుండా చెప్పాలి. ఆమా పీఠం గురించి కూడా చెప్పాలి. దాచి వెళ్తే తర్వాత ఇంకో ఫొటో ఇంకొకరి ద్వారా ఆయనకి చేరుతుంది.

ఆ ఉత్తరంలో మన సొంత చరిత్ర కూడా రెండు ముక్కలు రాయమనండి. మనం గుడిలో పాడే పాత కీర్తనలు కర్ణాటక రాగాల్లో ఉన్నాయి. పురుషోత్తమ చౌదరిగారు 19వ శతాబ్దంలో క్రీస్తు మీద కీర్తనలు రాస్తే, వాటిని మన రాగాల్లోనే పాడుకున్నారు. 1912లో డోర్నకల్ బిషప్ అయిన అజరయ్యగారు కట్టించిన దేవాలయాన్ని చూసినవాళ్ళు, ఇది హిందూ గుడిలా ఉంది, మసీదులా కూడా ఉంది అంటారు. అదేమీ విశ్వాసం పలచబడి కాదు. తెలుగువాళ్ళు తెలుగువాళ్ళుగానే ప్రభువు దగ్గరికి రావచ్చని ఆ పెద్దలు నమ్మారు. ఆమా మనవళ్ళకి కూడా అదే వర్తిస్తుందని రాస్తే సంఘ పెద్దకి అర్థమవుతుందని నా నమ్మకం. తైనాన్ సంఘాల్లో కొత్త సంవత్సరానికి ఎర్ర కాగితం మీద బైబిలు వాక్యాలు రాసి గుమ్మానికి రెండు వైపులా అతికిస్తారు. ఆ ఫొటో ఒకటి పంపండి. దానికి అర్థం చెబితే ఆయనే నలుగురికీ చూపిస్తారు.

ఫొటోల మాట వచ్చింది కాబట్టి ఒకటి కచ్చితంగా చెప్పాలి. ఆమా భోజనం బల్ల ఫొటోని ప్రార్థనా పత్రికలో "రక్షణ లేని ఆత్మలతో విందు" అని అచ్చు వేయకండి. ఆవిడ ముఖాన్ని ఆవిడకి చెప్పకుండా ఎక్కడా పెట్టకండి. తన ఇంటి పండుగకి పిలిచిన మనిషి, తన గురించి మీరు మీ ఊళ్ళో ఏం రాస్తున్నారో చదివితే ఎలా ఉంటుందో ఊహించుకుని రాయండి. ఆవిడ మనవళ్ళ ఫోన్లలో తెలుగుని చైనీస్‌లోకి మార్చే యాప్‌లు ఉంటాయి.

మీ ఆయన సంగతి. ఆయన మీద గెలవాలని చూడొద్దు. రోమా పత్రిక 14వ అధ్యాయం ఇలాంటి ఇళ్ళ కోసమే రాసినట్టు ఉంటుంది. ఒకరి మనస్సాక్షికి సరే అనిపించింది, ఇంకొకరి మనస్సాక్షికి బరువు కావచ్చు. ఈ ఉత్తరం ఇద్దరూ కలిసి చదవండి, సంఘంలో పెద్దమ్మల మాట ఇద్దరూ కలిసి వినండి. నయమాను కథ కూడా చదవండి, రాజుల రెండో గ్రంథం 5వ అధ్యాయంలో. యజమానితో రిమ్మోను గుడికి వెళ్ళాల్సి వస్తే క్షమించమని అతడు అడిగితే, ఎలీషా కసరలేదు, సమాధానంగా వెళ్ళమన్నాడు. ఇంత మాట్లాడుకున్నాక కూడా ఆయనకి ఆ రాత్రి పీఠం ఉన్న హాల్లో కూర్చోవడం కుదరదనిపిస్తే, బలవంతం వద్దు. ఆమాకి ముందుగా చెప్పి, మొదటి రోజు పొద్దున ముగ్గురూ కలిసి వెళ్ళి శుభాకాంక్షలు చెప్పండి. ఆ రోజు ఒకరింటికొకరు వెళ్ళడం వాళ్ళ పద్ధతే. లేదా పండుగ వారం దాటాక ఆమా కుటుంబం మొత్తాన్ని మీ ఇంటికి భోజనానికి పిలవండి. మూడేళ్లుగా ఆవిడ పెడుతున్నారు, మీరు తింటున్నారు. ఆవిడ మీ ఇంట్లో తిన్నట్టు మీరెక్కడా రాయలేదు. పిలవకపోతే ఇక ఆలస్యం చేయకండి.

ఏం తీసుకెళ్ళాలి అన్నారు. నారింజ పండ్ల పెట్టె ఒకటి చాలు, అందరూ అదే తీసుకెళ్తారు. గడియారం, గొడుగు ఇవ్వరు. తెల్ల కాగితంలో ఏదీ చుట్టకండి, తెలుపు చావు రంగు. ఆమా పాపకి ఎర్ర కవరులో డబ్బులిస్తారు, రెండు చేతులతో తీసుకుని అక్కడే విప్పకుండా జేబులో పెట్టుకోమనండి. మీరూ ఆమా మనవళ్ళకి ఎర్ర కవర్లు సిద్ధం చేసుకోండి. బ్యాంకు నుంచి కొత్త నోట్లు తెచ్చుకోండి, సరి సంఖ్యలో పెట్టండి, నాలుగు మాత్రం రాకూడదు. బల్ల మీద చేప మొత్తం తినెయ్యకండి, కొంత మిగల్చడం వాళ్ళ ఆనవాయితీ. అన్నంలో చాప్‌స్టిక్ పుల్లలు నిలువుగా గుచ్చి వదలకండి.

మన ఇంటి వంట ఏదైనా చేసి తీసుకెళ్ళాలనుంటే అరిసెలు చేయండి. జిగురు బియ్యంతో వాళ్ళు చేసుకునే నియెన్‌గావ్‌ తీపి అలవాటైన ఆమాకి బెల్లం పాకం అరిసె బాగా నచ్చుతుంది. ఆవిడ కొత్త సంవత్సరం మొదటి రోజు, చాంద్రమాన నెలలో ఒకటో తేదీ, పదిహేనో తేదీ శాకాహారం తింటారేమో కనుక్కోండి, ఆ తరం వాళ్ళలో చాలామందికి ఆ నియమం ఉంది. ఆ రోజుల్లో అయితే పులిహోర బాగుంటుంది. ఉల్లి, వెల్లుల్లి ఎలాగూ వేయం కదా అనుకుంటాం, కానీ వాళ్ళ బౌద్ధ శాకాహారంలో ఇంగువ కూడా పనికిరాదు. కాబట్టి ఇంగువ మానేసి, చింతపండు, వేరుశనగ గింజలు, కరివేపాకుతోనే పోపు పెట్టండి.